మ్యాచ్ ఎందులో వస్తుందో వెతుక్కోవడమే పెద్ద ఆట అయిపోయింది

ప్రతి ఆగస్టులో ఫుట్‌బాల్ సీజన్ మొదలవగానే మా వాట్సాప్ గ్రూపులో పడే మొదటి మెసేజ్ ఒకటే: "ఈసారి ఎందులో వస్తోంది రా?" కొత్త ప్లేయర్ల సంగతి, కోచ్ సంగతి తర్వాత. అసలు మ్యాచ్ ఏ ఛానెల్లో, ఏ యాప్‌లో వస్తుందో తేల్చుకునేసరికే సీజన్ మొదటి వారం అయిపోతుంది. ఐపీఎల్ ఎక్కడ వస్తుందో టీ కొట్టు దగ్గర అడిగినా చెప్తారు, ఫుట్‌బాల్‌కి ఆ సుఖం లేదు.

2025-26 సీజన్ లెక్కే చూడండి. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ కావాలంటే స్టార్ స్పోర్ట్స్, జియోహాట్‌స్టార్. యూరప్ దేశాల మేటి క్లబ్బులు ఆడే ఛాంపియన్స్ లీగ్ కావాలంటే సోనీ, సోనీలివ్. స్పెయిన్ లా లిగా కావాలంటే ఫ్యాన్‌కోడ్. అంటే ఇంగ్లండ్ క్లబ్ ఆర్సెనల్ అభిమాని శనివారం ఒక యాప్‌లో చూసిన టీమ్‌నే బుధవారం రాత్రి ఇంకో యాప్‌లో, ఇంకో చందా కట్టి చూడాలి. దీనికి కారణం ఉంది. ప్రీమియర్ లీగ్ తన హక్కులు తను అమ్ముకుంటుంది, యూరప్ టోర్నీల హక్కులు అక్కడి ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ అమ్ముకుంటుంది, అదీ దేశం దేశానికి విడివిడిగా, ఎక్కువగా మూడేళ్లకోసారి. గడువు తీరగానే మళ్లీ వేలం, మళ్లీ కొత్త చిరునామా. లా లిగా 2018 నుంచి మూడు సీజన్లు మనకు ఫేస్‌బుక్‌లో ఉచితంగా వచ్చింది. 2021లో, అంటే మెస్సీ బార్సిలోనా వదిలేసిన ఆ ఆగస్టులోనే, వయాకామ్18 చేతికి వెళ్లి పాటలొచ్చే ఎంటీవీలో ప్రత్యక్షమైంది. అప్పటికి ఫేస్‌బుక్ పేజీకి అలవాటుపడినవాళ్లలో ఎంతమంది దాని వెంట వెళ్లి ఉంటారు? నా గ్రూపులోనే ఇద్దరు లా లిగా చూడటం మానేశారు.

ఇంత చెప్పాక ఒక మంచి మాట కూడా చెప్పాలి. ఆట పుట్టిన దేశంలో ఉన్నవాళ్లకన్నా మనకే ఎక్కువ మ్యాచ్‌లు దొరుకుతున్నాయి. బ్రిటన్‌లో శనివారం మధ్యాహ్నం 2:45 నుంచి 5:15 వరకు ఫుట్‌బాల్ లైవ్ ఇవ్వకూడదన్న నియమం 1960ల నుంచి ఉంది. పెద్ద క్లబ్బుల మ్యాచ్ టీవీలో వస్తే చిన్న ఊళ్ల స్టేడియాలకు జనం రారని అప్పటి భయం. అందుకే ప్రీమియర్ లీగ్ సీజన్లో 380 మ్యాచ్‌లుంటే అక్కడ లైవ్ వచ్చేవి మహా అయితే 270. మాంచెస్టర్‌లో స్టేడియానికి రెండు వీధుల అవతల ఉన్నవాడికి టీవీలో రాని మధ్యాహ్నం మూడింటి మ్యాచ్‌ని మనం వరంగల్లోనో విజయవాడలోనో రాత్రి భోజనం చేస్తూ చూస్తున్నాం. డల్లాస్‌లో ఉన్న మనవాళ్లకి అదే మ్యాచ్ ఉదయం తొమ్మిదింటికి, పీకాక్ యాప్‌లోనో ఎన్‌బీసీ వాళ్ల ఛానెళ్లలోనో.

టైమ్ విషయంలో మాత్రం జాగ్రత్త. అక్టోబరు ఆఖరి ఆదివారం, మార్చి ఆఖరి ఆదివారం యూరప్‌లో గడియారాలు మారతాయి. దాంతో అక్కడి ఎండాకాలంలో మనకు 7:30కి వచ్చే మ్యాచ్ చలికాలంలో 8:30కి వస్తుంది, ఛాంపియన్స్ లీగ్ రాత్రి 12:30 నుంచి 1:30కి జరుగుతుంది. ఒక ఏప్రిల్లో క్వార్టర్ ఫైనల్ కోసం 1:20కి అలారం పెట్టుకుని లేచి చూస్తే హాఫ్ టైమ్ నడుస్తోంది, మూడు గోల్స్ అయిపోయాయి. ఆ రాత్రి ఎంత ఉసూరుమనిపించిందో ఇప్పటికీ గుర్తుంది.

స్ట్రీమింగ్‌లో ఇంకో ఇబ్బంది ఆలస్యం. వీడియోని కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి పంపిస్తారు, ఫోన్ కొన్ని ముక్కలు పోగేసుకున్నాకే ఆడిస్తుంది, కాబట్టి కేబుల్ కన్నా అరనిమిషం వెనక ఉండటం మామూలే. ఆటగాడు పెనాల్టీకి బంతి పెట్టి, నాలుగు అడుగులు వెనక్కి వేసి, ఊపిరి పీల్చుకుంటున్నాడు, మనం టెన్షన్‌తో దిండు పట్టుకుని కూర్చున్నాం, ఇంతలో స్క్రీన్ పైనుంచి స్కోరు నోటిఫికేషన్ జారి పడుతుంది: 2-1. ఇక ఆ పెనాల్టీ చూసినా ఒకటే, చూడకపోయినా ఒకటే. మ్యాచ్ మొదలయ్యే ముందు నోటిఫికేషన్లన్నీ ఆపెయ్యండి, వాట్సాప్‌తో సహా.

డబ్బు దగ్గరికొస్తే, అన్నీ కట్టక్కర్లేదు. మీ టీమ్ ఏ లీగ్‌లో ఆడుతుందో దానికి సీజన్ మొత్తం కట్టండి, ఛాంపియన్స్ లీగ్ నాకౌట్ నెలల్లో రెండోది తీసుకోండి, చాలు. టెలిగ్రామ్ లింకుల జోలికి వెళ్లొద్దు. అవి సరిగ్గా గోల్ పడే వేళకి ఆగిపోతాయి, ఫోన్లోకి ఏం దూరుతుందో కూడా తెలియదు.

నాకు నిజంగా బాధనిపించేది వేరే ఉంది. 2021 యూరో కప్‌కి సోనీ టెన్ 4 తెలుగులో కామెంటరీ ఇచ్చింది. ఆఫ్‌సైడ్ (బంతి అందించే ముందే డిఫెండర్లని దాటి గోల్ వైపు వెళ్లిపోవడం) అంటే ఏంటో ఎన్నిసార్లు చెప్పినా పట్టించుకోని మా అమ్మ, తెలుగులో వినపడేసరికి నా పక్కన కూర్చుని "అయ్యో, వీడు ముందే వెళ్లిపోయాడు" అనడం మొదలుపెట్టింది. వారం వారం వచ్చే లీగ్ మ్యాచ్‌లకీ ఆ సదుపాయం పక్కాగా ఉంటే ఇంకెన్ని ఇళ్లలో ఇలా జరిగేదో.

అంతకన్నా పెద్ద దెబ్బ మన లీగ్‌కి తగిలింది. 2024 నవంబరులో రిలయన్స్, డిస్నీ మీడియా వ్యాపారాలు కలిసిపోయాయి, స్టార్, వయాకామ్18 ఒక్కటయ్యాయి. పోటీపడి పాడేవాళ్లు తగ్గితే వేలంలో పెద్ద సరుకు ఎలాగోలా అమ్ముడవుతుంది, చిన్న సరుకే మిగిలిపోతుంది. 2025 జూలైలో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) సీజన్ ఆగిపోయింది, లీగ్ వాణిజ్య హక్కులకి అక్టోబరులో పిలిచిన టెండర్‌కి నవంబరులో గడువు తీరేసరికి ఒక్క బిడ్ కూడా రాలేదు. ఫుట్‌బాల్ ఫెడరేషన్‌లో ఒప్పందాల గొడవ, కోర్టు కేసు కూడా కారణాలే, కాదనను. కానీ కొనేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉండుంటే ఆ టెండర్ అలా ఖాళీగా మిగిలేది కాదనే నా నమ్మకం.

కోచ్‌గా 1962లో మన దేశానికి ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్ బంగారు పతకం తెచ్చిన రహీం సాబ్ ఊరు హైదరాబాద్ ఇది. 2022 మార్చి 20న హైదరాబాద్ ఎఫ్‌సీ కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ గెలిచింది, గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. కోవిడ్ వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది, మన గచ్చిబౌలి స్టేడియంలో ఒక్క మ్యాచ్ లేదు. మన టీమ్ ఛాంపియన్ అవడాన్ని ఊళ్లో అందరం చూసింది టీవీలోనే. 2025లో ఆ టీమ్ ఢిల్లీకి వెళ్లిపోయింది, పేరు కూడా మారింది. మొన్న ఆగస్టులో మా గ్రూపులో ప్రీమియర్ లీగ్ ఎందులో అని అడిగారు, లా లిగా ఎందులో అని అడిగారు. హైదరాబాద్ మ్యాచ్ ఎందులో వస్తుందని ఎవరూ అడగలేదు.