బోలలర్ అంటే బాలలేనా బాబాయ్?

తప్పు నాదే, ముందే ఒప్పుకుంటున్నా. ఉజ్బెక్ భాషలో పిల్లల్ని 'బోలలర్' అంటారు, మన 'బాలలు' లాగే వినిపిస్తోంది కదా అని మా ఫ్యామిలీ గ్రూపులో సరదాగా ఒక ముక్క పెట్టాను. తెల్లారేసరికి మా బాబాయ్ దానికి నాలుగు దండం ఎమోజీలు తగిలించి, 'ప్రపంచ భాషలకు తల్లి మన తెలుగే' అని కనపడ్డ గ్రూపుకల్లా పంపేశాడు. అది ఊరంతా తిరిగి సాయంత్రానికి మళ్ళీ నాకే వచ్చింది. అదే మెసేజ్‌లో ఫిలిప్పీన్స్ భాష ఇలొకానో గురించి నేను రాసిన రెండు లైన్లకి మాత్రం ఆయన రిప్లై, 'దానికి లిపి కూడా లేదు, దాంతో మనకేం పని?'

బాబాయ్, పనుంది. కాస్త ఓపిక పట్టండి.

నేను దుబాయ్‌లో ఒక హోటల్ స్టోర్స్‌లో పనిచేస్తాను. నాకు అటు పక్క టేబుల్ ఉజ్బెక్ కుర్రాడిది, సమర్‌ఖండ్ వాడు. ఇటు పక్క ఫిలిప్పీన్స్‌లో విగన్ ఊరి నుంచి వచ్చిన ఆవిడ. ఆవిడని మేమంతా 'మనాంగ్' అంటాం, ఇలొకానోలో అక్క అని. ఫిలిప్పీన్స్ అనగానే తగలోగ్ భాష అనుకుంటాం గానీ, అక్కడి లూజాన్ దీవి ఉత్తరాన ఎటు వెళ్ళినా ఇలొకానోనే. నాలుగేళ్ళుగా రెండు చెవుల్లో రెండు భాషలు పడుతున్నాయి, పోల్చకుండా ఎలా ఉంటాను?

ముందు ఆ బోలలర్ సంగతి తేల్చేద్దాం. 'బోల' తుర్కిక్ మాట (టర్కిష్, ఉజ్బెక్ లాంటి భాషల కుటుంబం అది), 'లర్' బహువచనం. మన 'బాల' సంస్కృతం. అంటే అసలు అది తెలుగే కాదు బాబాయ్, మన మాట 'పిల్లలు' ఉండనే ఉంది! అరువు తెచ్చుకున్న మాట చూపించి మేమే తల్లి అంటే ఎలా? ఇక జవాబు, బజారు, దుకాణం, తయారు లాంటివి అక్కడా ఉన్నాయి, ఇక్కడా ఉన్నాయి. వాళ్ళూ మనమూ పారసీ, అరబ్బీల దగ్గర తెచ్చుకున్నవే. అర్థాలు కూడా ఒక్కోసారి కలవవు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ కుర్రాడు నా టేబుల్ దగ్గరికి వచ్చి 'బిర్ సవోలిమ్ బోర్' అన్నాడు. నాకు సవాల్ ఒక్కటే వినపడింది. పైగా వాడిది ఆరడుగుల ఎత్తు. నేనేం తప్పు చేశానా అని టెన్షన్‌తో లేచి నిలబడ్డా. తీరా చూస్తే, 'నాకో ప్రశ్న ఉంది' అన్నాడంతే.

నిజంగా నోరు తెరిచే చోటు మాటల్లో లేదు, వాక్యంలో ఉంది. 'మెన్ బోజోర్‌గా బోర్దిమ్' అంటే 'నేను బజారుకి వెళ్ళాను'. 'గా' మన 'కి', చివర ఉన్న 'మ్' మన 'ను', వరస కూడా అదే. 'ఒలిబ్ కెల్' అంటే తీసుకుని రా, 'యెబ్ కోర్' అంటే తిని చూడు! రుచి చూడమని చెప్పడానికి తినడం పక్కన చూడడం పెట్టాలన్న ఆలోచన వాళ్ళకీ వచ్చింది. మనం 'అని' వాడే చోట వాళ్ళు 'దెబ్' వాడతారు. 'వస్తాను అని చెప్పాడు'ని ఉన్నదున్నట్టు వరస మార్చకుండా ఉజ్బెక్‌లోకి దించేయొచ్చు. దీన్ని ఇంగ్లీషులో పెట్టి నేర్చుకుంటే వాక్యాన్ని రెండుసార్లు తలకిందులు చేయాలి, ఎందుకా బాధ! ఇలాంటి పోలికలు చూసే 1856లో కాల్డ్వెల్ అనే భాషా పండితుడు మన భాషలకీ ఆ వైపు భాషలకీ బంధుత్వం ఉందేమో అనుకున్నాడు. అది రుజువు కాలేదు. కాబట్టి దీన్ని కూడా ఫార్వర్డ్ చేయకండి.

ఇలొకానో దగ్గరికొస్తే మొదట్లో నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. క్రియ ముందొస్తుంది, 'తిన్నాడు పిల్లాడు మామిడిపండు' అన్నట్టు. 'గాతంగ్' అంటే కొనడం. దాన్ని క్రియ చేయాలంటే మాట మధ్యలో 'ఉమ్' దూర్చి 'గుమాతంగ్' అంటారు. మాటకి ముందూ వెనకా తగిలించడం చూశాం గానీ, నడుం చీల్చి లోపల పెట్టడమేంటి అని చిరాకు పడ్డాను. ఆ చిరాకు ఒక గురువారం లంచ్‌లో పోయింది. ఎవరో ఇంగ్లీషులో 'రేపు మేం బీచ్‌కి వెళ్తున్నాం' అనే అర్థంలో చెప్పారు, నేను 'మనం' అనుకుని సంచి సర్దుకుంటానని బయల్దేరాను. నా మొహం చూసి మనాంగ్‌కి నవ్వాగలేదు. చేత్తో గాలిలో గుండ్రంగా గీసి అందర్నీ కలిపేస్తూ 'మపన్‌తయో' అంది, మనం వెళ్దాం. తర్వాత నన్ను చేత్తో పక్కకి తోసేసి 'మపన్‌కమి', మేం వెళ్తున్నాం. ఇంకా ఉంది, నా వైపూ తన వైపూ వేలు చూపించి 'మపన్‌త', మనిద్దరం. మనం, మేము! ఇంగ్లీషుకి లేదు, పక్కనే కూర్చున్న ఉజ్బెక్‌కీ లేదు, వాళ్ళకి అన్నిటికీ 'బిజ్' ఒక్కటే. వాక్యమంతా మనలా ఉన్నవాడికి మనం, మేము తేడా లేదు. ఎక్కడా పొంతన కుదరని ఇలొకానోలో ఉంది. మరి ఇప్పుడు ఎవరిని చుట్టమంటారు బాబాయ్?

ఇంకో ముచ్చట. 'బలాయ్' అంటే ఇల్లు, 'బల్‌బలాయ్' ఇళ్ళు. 'పూస' పిల్లి, 'పుస్‌పూస' పిల్లులు. మన మొట్టమొదట, చిట్టచివర గుర్తు రాలేదూ? మనం నొక్కి చెప్పడానికి వాడేది వాళ్ళకి బహువచనం.

ఇక లిపి. 1621లో ఫ్రాన్సిస్కో లోపెజ్ అనే మిషనరీ ఇలొకానోలో క్రైస్తవ బోధ పుస్తకం అచ్చేయించాడు, అక్కడి పాత లిపిలోనే. మన లిపుల లాగే అదీ బ్రాహ్మి సంతతే. అందులో మాట చివరి హల్లు రాసే వీలు లేకపోతే, అచ్చుని తీసేయడానికి ఒక సిలువ గుర్తు పెట్టాడు. అంటే మన పొల్లే! లిపి లేదన్నారు కదా, అందుకని చెప్పా. 1934లో మొదలైన వాళ్ళ పత్రిక ఒకటుంది, పేరు బన్నవగ్, అంటే వేకువ.

లిపి కష్టాలు చూడాలంటే ఉజ్బెక్‌లో చూడాలి. అరబ్బీ అక్షరాల నుంచి 1920ల చివర లాటిన్, 1940లో సిరిలిక్, 1993 చట్టంతో మళ్ళీ లాటిన్. మా వాడి ఫోన్‌లో వాళ్ళ నానమ్మ మెసేజ్‌లు రష్యన్ అక్షరాల్లో ఉంటాయి, వీడి జవాబులు ఇంగ్లీషు అక్షరాల్లో. భాష ఒకటే. రెండు భాషల్ని పోల్చడం వాళ్ళకి కొత్త కూడా కాదు. పారసీ ముందు తుర్కీ (ఉజ్బెక్ పాత రూపం) ఏమాత్రం తీసిపోదని అలీషేర్ నవోయి అనే కవి 1499లోనే ఒక పుస్తకం రాశాడు. గొప్పలు పోవడం అందరికీ ఉన్నదే, కాకపోతే ఆయన రెండు భాషలూ క్షుణ్ణంగా నేర్చుకుని మరీ పోయాడు.

ఇంక ఆపుతాను, లంచ్ టైమ్. మనాంగ్ గిన్నె మూత తీసి 'మంగన్‌తయోన్', అంటే ఇక మనం తిందాం, అని కేకేసింది. 'తయో' అంది కాబట్టి నేనూ ఉన్నట్టే.