రాబీ గారి సర్వీసు రిజిస్టరు

రోబోలు వచ్చి మన ఉద్యోగాలు ఊడగొడతాయని టెన్షన్ పడేవాళ్లు ఒక్కసారి రాబీ అనే సినిమా రోబో గారి సర్వీసు రిజిస్టరు తిరగేయాలి. వారు డ్యూటీలో చేరింది 1956లో, హాలీవుడ్ స్టూడియో ఎం.జి.ఎం. వాళ్ల ‘ఫర్బిడెన్ ప్లానెట్’ సినిమాలో, ఆల్టెయిర్-4 గ్రహం మీద డాక్టర్ మార్బియస్ ఇంట్లో. వంట, కుట్టుపని, డ్రైవింగ్ అన్నీ ఒక్కడే. ఇంగ్లీషు కాక 187 భాషలు వచ్చు, మాండలికాలు అదనం. (తెలుగు ఉందా అని అడక్కండి, మనం లేకుండా లెక్క అంతదాకా ఎలా వస్తుంది?) యజమాని కూతురు కొత్త గౌను మీద స్టార్ సఫైర్లు (నక్షత్రంలా మెరిసే నీలాలు) కావాలంటే, అవి తయారవ్వాలంటే వారం పడుతుందమ్మా, వజ్రాలో పచ్చలో అయితే సరిపోతుందా అని అడిగిన మర్యాదస్తుడు. అంతరిక్ష నౌకలో వంటవాడు బర్బన్ విస్కీ సీసా ఇస్తే అదంతా పొట్టలో పోసుకుని, అలాంటిదే 60 గ్యాలన్లు చేసిస్తే చాలా అని అడిగాడు. అంటే 227 లీటర్లు.

ఇంతటి పనిమంతుడికి నిర్మాణ ఖర్చు లక్ష డాలర్లు దాటింది. రాబర్ట్ కినోషిటా గీసిన డ్రాయింగులు, దాదాపు ఏడడుగుల ప్లాస్టిక్ ఒళ్లు. నడిపించేది ఏ మహాయంత్రమో అనుకునేరు. లోపల ఉన్నది ఫ్రాంకీ డారో, ఫ్రాంకీ కార్పెంటర్ అనే పొట్టి మనుషులు, మాట్లాడినప్పుడల్లా వెలిగే ఆ నియాన్ గొట్టాల సందుల్లోంచి దారి చూసుకుంటూ పాపం వాళ్లే వంతులవారీగా నడిచారు. గొంతేమో మార్విన్ మిల్లర్‌ది. ఒక్క రోబో పోస్టుకి ముగ్గురు మనుషులన్నమాట! టైటిల్స్‌లో నటీనటుల వరసలో రాబీ పేరు పడింది, వీళ్లెవరివీ పడలేదు.

పెట్టిన డబ్బు రాబట్టుకోవాలి కదా, మరుసటి ఏడాదే ‘ది ఇన్విజిబుల్ బాయ్’ సినిమాకి పంపారు. తర్వాత టీవీకి డిప్యుటేషన్. ‘లాస్ట్ ఇన్ స్పేస్’లో అక్కడి రోబోతో గొడవ పెట్టుకున్నాడు, దాన్ని గీసిందీ కినోషిటాయే కాబట్టి మనం దాన్ని అన్నదమ్ముల తగాదా కింద కొట్టేయొచ్చు.

కొట్టేయలేనిది 1974 నాటి వ్యవహారం. మొదటి సినిమాలో, ఎదుటి మనిషిని కాల్చమని మార్బియస్ హుకుం వేస్తే, లోపల నిప్పురవ్వలు రేగి బిగుసుకుపోయాడే తప్ప కాల్చని వాడు కదా. అదే రాబీ ‘కొలంబో’ అనే డిటెక్టివ్ సీరియల్లో ఎం.ఎం.7 అని పేరు మార్చుకుని, హంతకుడు బయటికెళ్లి పని ముగించుకొచ్చేదాకా అతని బదులు మీటలు నొక్కుతూ ఉన్నాడు, ఆఫీసులో పక్క సీటువాడికి హాజరు వేసినంత తేలిగ్గా. పద్దెనిమిదేళ్ల సర్వీసు ఎవరినైనా మారుస్తుంది లెండి.

శాఖాపరమైన చర్యలేమీ లేవు. పైగా 2004లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్ల రోబోల హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు. 2017లో న్యూయార్క్‌లో బోనమ్స్ వేలంలో, సినిమాలో తను నడిపిన జీపుతో కలిపి, 53,75,000 డాలర్లు పలికాడు. మొత్తం సినిమాకే అప్పట్లో అయింది 20 లక్షల డాలర్ల లోపే. డారో 1976లోనే పోయాడు. పింఛను కాగితాల మీద సంతకం పెడదామంటే రాబీ గారి లోపల ఎవరూ లేరు.