లండన్ నుంచి పారిస్ గంటంబావేనా?

"లండన్ నుంచి పారిస్ ఎంతసేపండీ?" అని ఏ వాట్సాప్ గ్రూపులో అడిగినా వచ్చే జవాబు ఒకటే. గంటంబావు ఫ్లైట్. సూటిగా కొలిస్తే 345 కిలోమీటర్ల లోపే కాబట్టి వినడానికి బాగానే ఉంటుంది. నా గొడవంతా ఆ గంటంబావు మీదే.

ముందు ఆ అంకె ఏమిటో చూడండి. ఇవతల గేటు దగ్గర విమానం కదిలినప్పటి నుంచి అవతల గేటు దగ్గర ఆగేదాకా లెక్కేసిన టైమ్ అది. గాల్లో ఉండేది ముప్పావుగంటో, ఇంకాస్తో. మిగతాదంతా రన్‌వే దాకా పాక్కుంటూ వెళ్ళడం, వంతు కోసం ఆగడం. లండన్ ఎయిర్‌పోర్ట్ హీత్రూకి ఉన్నవి రెండే రన్‌వేలు. ఆలస్యం ఎలాగూ తప్పదని కంపెనీలు దాన్ని కూడా ముందే టైమ్‌లో కలిపేసుకుంటాయి.

పైగా పారిస్ గడియారం లండన్ కంటే గంట ముందు. అందుకే తిరుగు టికెట్ మీద 10 గంటలకు ఎక్కి 10:15కి దిగినట్టు ఉంటుంది. మొదటిసారి చూసినవాళ్ళు మురిసిపోతారు, పాపం!

ఇప్పుడు అసలు ప్రయాణం. లండన్ నడిబొడ్డున కింగ్స్ క్రాస్ స్టేషన్ దగ్గర బయల్దేరారనుకుందాం. పికడిల్లీ లైన్ మెట్రోలో హీత్రూకి దాదాపు గంట. చెకిన్, సెక్యూరిటీ అంటూ రెండు గంటల ముందు చేరాలి. విమానం గంటంబావు. పారిస్ ఎయిర్‌పోర్ట్ షార్ల్ డి గాల్‌లో పాస్‌పోర్ట్ క్యూ, బ్యాగులు కలిపి తక్కువలో తక్కువ ముప్పావుగంట. అక్కడినుంచి ఊళ్ళోకి ఆర్‌ఈఆర్ బి లోకల్ రైలు పట్టుకుంటే ఇంకో అరగంట పైనే. మొత్తం ఐదున్నర గంటలు. ఇంతా చేసి మీరు దిగేది ఎక్కడ? గార్ ద్యు నోర్ స్టేషన్‌లో. కింగ్స్ క్రాస్ పక్కనే సెయింట్ పాంక్రస్ స్టేషన్‌లో సముద్రం కింది సొరంగం గుండా వెళ్ళే యూరోస్టార్ రైలు ఎక్కితే రెండు గంటల ఇరవై నిమిషాల్లో తిన్నగా దింపేదీ ఆ స్టేషన్‌లోనే!

పట్టాల మీద ఆ దూరం 490 కిలోమీటర్ల పైమాటే. విమానం కంటే ఎక్కువ దూరం తిరిగి, ముందు చేరుస్తుంది. ఓ గంట ముందు స్టేషన్‌కి వెళ్ళినా మూడున్నర గంటల్లో పని అయిపోతుంది. ఫ్రెంచ్ పోలీసులు లండన్‌లోనే పాస్‌పోర్ట్ చూసేస్తారు కాబట్టి అవతల దిగి నడిచి వెళ్ళిపోవడమే. (ఫ్రాన్స్‌కి కావలసిన షెంగెన్ వీసా వేరే తీసుకోవాలి, యూకే వీసా ఉందికదా అని బయల్దేరకండి.) 1994లో సొరంగం తెరిచిన కొత్తల్లో ఇదే ప్రయాణం మూడు గంటలు పట్టేది, ఎందుకంటే ఇంగ్లండ్ వైపు రైలు పాత పట్టాల మీదే మెల్లగా వెళ్ళేది. 2007లో కొత్త లైన్ పూర్తయ్యాకే ఈ వేగం వచ్చింది.

రెండున్నర గంటల్లోపు రైలు ఉందని 2023లో ఫ్రాన్స్, పారిస్‌లోని ఇంకో ఎయిర్‌పోర్ట్ ఓర్లీ నుంచి లియోన్, నాంట్, బోర్డోలకు విమానాలు ఆపించింది. ఆ లెక్కన ఇదీ ఆగాల్సిందే, కానీ ఆ చట్టం దేశం లోపలి విమానాలకే.

స్లౌ, హౌన్స్లో వైపు ఉండే మనవాళ్ళకి హీత్రూ ఇంటి పక్కనే, వాళ్ళకి విమానం నయం కావచ్చు. హైదరాబాద్ నుంచి వస్తూ హీత్రూలో మారేవాళ్ళకి సరేసరి.

అసలు చిక్కు ఛార్జీ. ఈ రెండు నగరాల మధ్య సొరంగంలో ప్యాసింజర్ రైళ్ళు నడిపేది ఇప్పటిదాకా ఒక్క కంపెనీయే. పోటీ లేదు. వారం ముందు బుక్ చేద్దామని కూర్చుంటే ఆ ధర చూసి నేనే మళ్ళీ విమానాల సైట్ తెరుస్తాను, అక్కడ పెద్దక్షరాల్లో అదే గంటంబావు.