బటిస్టా కండలు మారలేదు, మరి ఈలలు ఎందుకు ఆగాయి?

2005 జనవరిలో అమెరికా ప్రో రెజ్లింగ్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈలో బటిస్టా అనే రెజ్లర్, 30 మంది ఒకరి తర్వాత ఒకరు రింగులోకి దిగే రాయల్ రంబుల్ గెలిచాడు. ఆ ఏప్రిల్‌లో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన రెజిల్‌మేనియాలో, అంటే కంపెనీ ఏటా జరిపే అతిపెద్ద ప్రదర్శనలో, ట్రిపుల్ హెచ్‌ను ఓడించి ఛాంపియన్ అయ్యాడు. జనం ఈలలతో హోరెత్తించారు. తొమ్మిదేళ్ల తర్వాత, 2014 జనవరి 26న పిట్స్‌బర్గ్‌లో అదే బటిస్టా అదే రాయల్ రంబుల్ మళ్లీ గెలిచాడు. ఈసారి జనం అతన్ని తిట్టిపోశారు. ఆ పోటీలోనే లేని డేనియల్ బ్రయన్ అనే రెజ్లర్ పేరు పట్టుకుని అరిచారు. చిట్టచివరగా, 30వ నంబరుకు, రే మిస్టీరియో బయటికి వచ్చాడు. అభిమానులు ఎప్పుడూ నెత్తిన పెట్టుకునే మిస్టీరియోకు కూడా ఆ రాత్రి 'బూ' అనే అరుపులే దక్కాయి. వచ్చినవాడు బ్రయన్ కాడన్నదే వాళ్ల కోపం.

ఈ తొమ్మిదేళ్లలో బటిస్టా ఒళ్లు పెద్దగా మారలేదు. అవే భుజాలు, అదే ఛాతీ. 2005లో 'మొనగాడంటే వీడురా' అనిపించిన ఆకారమే 2014లో 'వీణ్ని తెచ్చి మా నెత్తిన ఎందుకు రుద్దుతున్నారు' అనిపించింది. ప్రో రెజ్లింగ్ అభిమానుల గురించి చాలామంది ఒక తేలిక మాట చెబుతుంటారు. పాత తరానికి కండలు కావాలట, ఇంటర్నెట్ తరానికి చిన్న మనుషులు కావాలట. ఆ లెక్కే నిజమైతే అయిదడుగుల ఆరంగుళాల మిస్టీరియోకు పిట్స్‌బర్గ్‌లో ఆ అవమానం జరగకూడదు.

నాకు అర్థమైనంతవరకు అభిమాని రెజ్లర్ ఒళ్లు చూసి మొదట వేసే ప్రశ్న వేరు. నీకు ఈ చోటు ఎలా వచ్చింది? చెమటోడ్చి సంపాదించుకున్నావా, నీ ఆకారం చూసి ఎవరైనా కట్టబెట్టారా? దీనికి అభిమాని తనకు తాను చెప్పుకునే జవాబును బట్టే ఈలలైనా, తిట్లయినా.

ఈ ప్రశ్న మామూలు ఆటల్లో రాదు. ఒలింపిక్ కుస్తీలో బరువును బట్టి విభాగాలుంటాయి. కాటా మీద నిలబెడతారు, సమానమైనవాడితో దించుతారు, గెలిచినవాడు గెలుస్తాడు. ప్రో రెజ్లింగ్‌లో ఎవరు గెలవాలో ముందే రాసుకుంటారు. ఇక్కడ అసలు పోటీ రింగులో ఉండదు, ఎవరిని పైకి తీసుకెళ్లాలా అని కంపెనీ ఆఫీసులో జరిగే ఆలోచనలో ఉంటుంది. రెజ్లింగ్ భాషలో దాన్ని 'పుష్' అంటారు. మనం ఉద్యోగాల్లో చూసే ప్రమోషన్ లాంటిదే. పక్క సీటువాడికి పని చూసి ఇచ్చారా, మేనేజర్‌కు నచ్చాడని ఇచ్చారా అని మనం ఎలా ఆరా తీస్తామో, రెజ్లింగ్ అభిమానీ అలాగే తీస్తాడు. ఆ ఆరాలో అతనికి కళ్లెదుట కనబడే మొదటి సాక్ష్యం ఒళ్లే.

మా చిన్నప్పుడు రెజ్లింగ్ ట్రంప్ కార్డులు ఉండేవి. నాలాంటి వాళ్లకు ఆట టీవీలో కంటే ముందు ఆ కార్డుల్లోనే పరిచయమైంది. కార్డు మీద ఫొటో, కింద ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, బైసెప్స్. 'వెయిట్' అని పిలిచి బరువైనవాడి కార్డు పడేస్తే ఎదుటివాడి కార్డు మన చేతికి వచ్చేది. అతనికి మాట్లాడటం వచ్చా, ఎదుటివాడికి దెబ్బ తగలకుండా కింద పడేయడం వచ్చా, జనాన్ని ఏడిపించగలడా, ఇవేవీ కార్డు మీద ఉండవు. రెజ్లర్ అంటే కొలతలేనని పదేళ్ల వయసులోనే మా బుర్రల్లోకి ఎక్కిపోయింది.

ఆ కొలతల ప్రపంచాన్ని కట్టింది విన్స్ మెక్‌మాన్. 1982లో తండ్రి దగ్గర కంపెనీని కొన్నాక అతను వెతికింది కామిక్ పుస్తకాల్లోంచి దిగినట్టుండే ఆకారాలను. హల్క్ హోగన్ చేతులు 24 అంగుళాలని చెప్పుకునేవాడు. 1987 మార్చి 29న అమెరికాలోని పాంటియాక్‌లో 520 పౌండ్లుగా, అంటే దాదాపు 236 కిలోలుగా ప్రకటించిన ఆండ్రే ది జెయింట్‌ను అతను ఎత్తి పడేశాడు. 93,173 మంది చూడటానికి వచ్చారని కంపెనీ ప్రకటించింది. వ్యాయామం చెయ్యండి, ప్రార్థన చెయ్యండి, విటమిన్లు తినండి అని హోగన్ పిల్లలకు చెప్పేవాడు. ఆ కండల వెనుక స్టెరాయిడ్లు ఉన్నాయని 1994లో కోర్టులో అతనే ఒప్పుకున్నాడు. రెజ్లర్లకు స్టెరాయిడ్లు అందించాడన్న ఆ కేసులో మెక్‌మాన్ నిర్దోషిగా బయటపడ్డాడు. కానీ అప్పటికే అందరి కళ్లూ కండల మీద పడ్డాయి. ఛాంపియన్ పట్టీ బ్రెట్ హార్ట్, షాన్ మైకేల్స్ లాంటి సన్నపాటి మనుషుల వైపు జరగడానికి ఆ భయమూ ఒక కారణం.

అదే 80లలో, అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో, పొట్ట ఉన్న ఒక మనిషిని జనం దేవుడిలా చూశారు. డస్టీ రోడ్స్, ప్లంబర్ కొడుకు. అతని ప్రత్యర్థి రిక్ ఫ్లెయిర్ మెరిసే అంగీలు, కుట్టించుకున్న సూట్లు, లిమోజిన్ కార్ల మనిషి. 1985లో డస్టీ కెమెరా ముందు నిలబడి కష్టకాలం అంటే ఏంటో ఫ్లెయిర్‌కు చెప్పాడు. బట్టల మిల్లులో పని పోయి ఇల్లు గడవని మనిషి గురించి, 30 ఏళ్లు పనిచేసినవాడి చేతిలో వాచీ పెట్టి కంప్యూటర్ వచ్చిందని పంపేయడం గురించి మాట్లాడాడు. తన పొట్ట కాస్త పెద్దదేనని కూడా అదే మాటల్లో ఒప్పుకున్నాడు. జనం ఆ పొట్టలో తమ ఇంటి మనిషిని చూసుకున్నారు. జిమ్‌కు వెళ్లే తీరికా డబ్బూ లేనివాడి ఒళ్లు అలాగే ఉంటుంది. అంత పొట్టతోనూ పై స్థాయిలో నిలిచాడంటే అది ఎవరో ఇచ్చింది కాదు, సంపాదించిందే అని వాళ్లకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

మన ప్రాంతంలోనూ బలం చూసి మురిసిపోవడం కొత్త కాదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడిని కలియుగ భీముడన్నారు. అయితే జనం ఆయన ఛాతీ వెడల్పు ఒక్కటే చూసి ఆ పేరు పెట్టలేదు. ఉక్కు గొలుసులు తెంపి చూపించాడు, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్నాడు. తాలీంఖానాలో వస్తాదు కూడా కొత్త కుర్రాడి కండలు చూసి తలూపడు, మట్టిలోకి దించి చూస్తాడు. ఆకార పుష్టి, నైవేద్య నష్టి అనే మాట మనకు ఊరికే రాలేదు.

ఇప్పుడు మళ్లీ బటిస్టా దగ్గరికి వద్దాం. 2005కి ముందు అతను రెండేళ్లపాటు ట్రిపుల్ హెచ్ వెనక బాడీగార్డులా తిరిగాడు. తనను వాడుకుంటున్నారని మెల్లగా అర్థం చేసుకుని ఎదురుతిరిగాడు. జనం ఆ ఎదుగుదలంతా వారం వారం చూశారు. 2014లో అతను దాదాపు నాలుగేళ్లు కనబడకుండా పోయి, రంబుల్‌కు ఆరు రోజుల ముందు తిరిగొచ్చాడు. మరోపక్క బ్రయన్ 1999 నుంచి చిన్న హాళ్లలో కుస్తీ పడుతూ వచ్చినవాడు. ఎత్తు తక్కువ, గుబురు గడ్డం. 'నువ్వు బి ప్లస్ ఆటగాడివి' అని కంపెనీ పెద్దలు కథలో భాగంగా అతన్ని అన్నారు. కథలో అన్నా జనానికి అది నిజమనే తోచింది, ఎందుకంటే కంపెనీ చరిత్రంతా ఆ మాటనే చెబుతోంది. రెండున్నర నెలలకే జనం గోలకు కథ మారింది. 2014 ఏప్రిల్ 6న న్యూ ఆర్లీన్స్‌లో బ్రయన్ ఒకే రాత్రి మొదట ట్రిపుల్ హెచ్‌ను, తర్వాత అప్పటి ఛాంపియన్ ర్యాండీ ఆర్టన్, బటిస్టాలు ఉన్న మ్యాచ్‌ను గెలిచి ఛాంపియన్ అయ్యాడు. పిట్ట కొంచెం కూత ఘనం అనడానికి అంతకంటే పెద్ద రాత్రి నేను చూడలేదు.

దీనికి ఇంకా గట్టి రుజువు రోమన్ రెయిన్స్. 2015 జనవరిలో ఫిలడెల్ఫియాలో అతను రంబుల్ గెలిస్తే, సాక్షాత్తూ పాత ఛాంపియన్, హాలీవుడ్ తార ది రాక్ వచ్చి చెయ్యి ఎత్తి పట్టుకున్నా జనం తిట్లు ఆపలేదు. అందగాడు, పొడగరి, రెజ్లింగ్ వంశంవాడు. ఈ మూడూ అప్పట్లో అతని మీద నేరాలే అయ్యాయి. 2020లో అతను విలన్‌గా తిరిగొచ్చాడు. అప్పటిదాకా వేసుకున్న నల్ల వెస్టు విప్పేసి ఛాతీ చూపిస్తూ వచ్చాడు. అంటే ఆకారం ఇంకా ఎక్కువ కనబడింది, అయినా మెచ్చుకోళ్లు పెరిగాయి. కారణం నాకు స్పష్టంగానే కనబడుతుంది. అంతకుముందు 'నేను కష్టపడి వచ్చాను, నన్ను ప్రేమించండి' అని కథ అడిగేది, జనం నమ్మలేదు. ఇప్పుడు 'నేను పెద్దింటివాణ్ని, నన్ను పెద్దగా ఒప్పుకోండి' అన్నాడు. జనానికి ఉన్న అనుమానాన్నే కథగా మార్చేశారు. దాచడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి పట్టుకోవడానికీ ఏమీ మిగల్లేదు. టైటిల్ 1,316 రోజులు అతని దగ్గరే ఉంది.

దాన్ని 2024 ఏప్రిల్‌లో లాక్కున్నది ఎవరంటే డస్టీ కొడుకు కోడీ రోడ్స్. కోడీకి నాన్న పొట్ట లేదు, చెక్కినట్టుండే ఒళ్లు. కానీ జనం అతని ఒంట్లో గుర్తుపెట్టుకున్నది కండలను కాదు. 2022 జూన్‌లో ఛాతీ కండరం తెగిపోయి, సగం ఛాతీ నల్లగా కమిలి ఊదారంగు తిరిగినా సెత్ రోలిన్స్‌తో మ్యాచ్ ఆడాడు. కోటు తీసి ఆ గాయం చూపించిన క్షణంలో హాలంతా నిశ్చేష్టమైంది. ఇక ఆ మనిషిని 'ఎవరో తెచ్చి పెట్టారు' అని అనగలిగేవాళ్లు మిగల్లేదు. 2024 ఫిబ్రవరిలో రెయిన్స్‌తో తలపడే అతని చోటు ది రాక్‌కు ఇవ్వబోతే అభిమానులు ఊరుకోకుండా తిరగబడ్డారంటే ఆ రాత్రి బాకీ ఇంకా వాళ్లకు గుర్తుండటం వల్లే.

ఇంతవరకు అభిమానుల న్యాయబుద్ధిని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. కానీ ఈ న్యాయం అందరికీ సమానంగా అందడం లేదు. నన్ను బాధపెట్టేది అక్కడే.

ఖలీని తీసుకోండి. హిమాచల్ పల్లె నుంచి వచ్చి, పంజాబ్ పోలీసులో పనిచేసి, 2007 జూలైలో వరల్డ్ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. ఏడడుగుల మన మనిషి అండర్‌టేకర్‌ను పడగొడితే మన ఇళ్లలో ఎంత సంబరమో గుర్తున్నవాళ్లు చాలామంది. అదే సమయంలో అతని నడకను, నెమ్మదిని ప్రపంచమంతా వెక్కిరించింది. మనలోనూ పెద్దయ్యాక ఆ వెక్కిరింతలో కలిసిపోయినవాళ్లున్నారు. నేనూ ఆ నడక చూసి నవ్వాను, అందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. అంత ఎత్తు పెరగడానికి కారణం పిట్యూటరీ గ్రంథిలోని కణితి. 2012లో దానికి ఆపరేషన్ జరిగింది. ఆండ్రేదీ అలాంటి జబ్బే, 46 ఏళ్లకే పోయాడు. సమోవా కుటుంబంలో పుట్టి జపాన్ సుమో యోధుడి వేషం కట్టిన యోకోజునాను 500 పౌండ్లకు పైగా బరువు చూపించి అమ్మారు. తర్వాత ఆ బరువే ఎక్కువైందన్నారు. 34 ఏళ్లకు చనిపోయాడు. అయిదడుగుల ఎనిమిదంగుళాల ఎడీ గెరెరో పెద్దవాళ్ల మధ్య నిలవడానికి ఒంటిని ఎంత కష్టపెట్టాడో చూశాం. 2005 నవంబరులో 38 ఏళ్లకు గుండె జబ్బుతో పోయాడు. ఆ తర్వాతే కంపెనీ మందుల పరీక్షలకు కొత్త విధానం తెచ్చింది. పెద్ద ఒళ్లు కావాలని అడిగింది కంపెనీ ఒక్కటే కాదు. టికెట్టు కొన్నవాళ్లమూ అడిగాం.

ఇక ఆడవాళ్ల సంగతి. 1999 అక్టోబరులో చైనా (Chyna) అనే రెజ్లర్ మగవాళ్లతో పోటీపడి ఇంటర్‌కాంటినెంటల్ టైటిల్ గెలిచింది. ఆ టైటిల్ గెలిచిన తొలి మహిళ ఆమె. సంపాదించుకున్న చోటు అంటే అంతకంటే ఏముంటుంది? అయినా ఆమె కండలు చూసి ఆడదేనా అన్నారు. మిక్కీ జేమ్స్ బొద్దుగా ఉందని పందితో పోల్చి ఎగతాళి చేయడాన్ని కంపెనీయే టీవీలో కథగా నడిపింది. మగ రెజ్లర్ విషయంలో 'ఎలా వచ్చావు' అని అడిగే అభిమాని, ఆడ రెజ్లర్ దగ్గరికి వచ్చేసరికి 'ఎలా ఉన్నావు' దగ్గరే ఆగిపోతాడు. ఇది అమెరికా అలవాటే తప్ప ఆట స్వభావం కాదు. జపాన్‌లో బుల్ నకానో, అజా కాంగ్ లాంటి భారీ మహిళలను జనం భయంతో, గౌరవంతో చూశారు. వాళ్ల కోసమే హాళ్లు నిండేవి.

2015లో కెవిన్ ఓవెన్స్ టీషర్టు, నిక్కరుతో వచ్చి జాన్ సీనాను మొదటి మ్యాచ్‌లోనే ఓడించాడు. అతని పొట్ట చూసి 'మనలాంటోడు, ఏళ్ల తరబడి చిన్న రింగుల్లో నలిగినవాడు' అని భుజానికెత్తుకున్నారు. నేనూ ఎత్తుకున్నాను. స్కాట్లాండ్ నుంచి వచ్చిన పైపర్ నివెన్ కూడా అలాగే ఏళ్ల తరబడి బ్రిటన్, జపాన్ రింగుల్లో నలిగింది, ఆమెదీ భారీ ఒళ్లే. ఆమె ఫొటో కింద జనం రాసేది మాత్రం బరువు గురించే. ఆమె మ్యాచ్ ఒక్కటైనా మొదటి నుంచి చివరిదాకా చూశాక రాస్తున్నారా అని నాకు ఆ రాసేవాళ్లను అడగాలని ఉంది.