లెక్కలు వచ్చిన పిల్లకు బయాలజీ ఎందుకంటారా?

ఇంటర్‌లో పిల్లలను ఎంపీసీ, బైపీసీ అని విడదీసే అలవాటును మనం అమెరికా దాకా మోసుకొచ్చాం. ఇక్కడి హైస్కూళ్లలో ఆ గోడ లేదు. అయినా "లెక్కల్లో అంత చురుకైన అమ్మాయికి బయాలజీ ఎందుకండీ?" అనే మాట మన విందుల్లో ఇంకా వినిపిస్తూనే ఉంది. ఈ మాట పిల్లలకు అన్యాయం చేస్తోంది.

లెక్కలు, బయాలజీ రెండూ కలిస్తేనే అర్థమయ్యే సంగతులున్నాయి. ఈనిన పాడి ఆవునే తీసుకోండి. రక్తంలోని కాల్షియం ఒక్కసారిగా పాలలోకి పోవడం మొదలవుతుంది, పాలిచ్చినన్నాళ్లూ పోతూనే ఉంటుంది. అయినా చాలా ఆవుల్లో కొద్ది రోజులకే కాల్షియం మామూలు స్థాయికి వచ్చి నిలబడుతుంది. అలా కోలుకోలేని ఆవు పాలజ్వరంతో కూలబడుతుంది. లోటు ఎంతుంటే అంతే స్పందించే ఏర్పాటుకు ఇది సాధ్యం కాదు; ఎంతో కొంత లోటు మిగిలిపోతుంది. గడిచిన లోటునంతా కూడుకుంటూ పోయే ఏర్పాటు ఉండాలి. యంత్రాలు తమంతట తామే అదుపులో నడిచేలా చూసే కంట్రోల్ ఇంజనీర్లు దీన్నే ఇంటెగ్రల్ ఫీడ్‌బ్యాక్ అంటారు. కారులోని క్రూయిజ్ కంట్రోల్ ఎత్తు ఎక్కేటప్పుడు కూడా వేగం తగ్గనివ్వనిది దీనివల్లే. ఆవులోనూ ఇదే ఉందని, పారాథైరాయిడ్ హార్మోను, క్రియాశీల విటమిన్ డి కలిసి ఆ పని చేస్తాయని 2002లో ఎల్-సమద్, గాఫ్, ఖమ్మాష్ అనే పరిశోధకులు ప్రతిపాదించారు.

ఖమ్మాష్ బృందం అక్కడితో ఆగలేదు. ఒకదాన్నొకటి పట్టుకుని నిర్వీర్యం చేసే రెండు ప్రొటీన్లతో ఈ.కోలై బాక్టీరియాలో అలాంటి కంట్రోలర్‌నే నిర్మించి 2019లో చూపించింది. నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది ఇక్కడ ఎదురయ్యే చిక్కు. కణం పెరిగి రెండుగా చీలుతున్న కొద్దీ ఆ ప్రొటీన్లు పలచబడతాయి, కూడుకున్న లెక్క కొంత చెదిరిపోతుంది. పైగా ఆ ప్రొటీన్ల కోసం చేర్చిన కొత్త జన్యువులు కణానికి బరువు. మ్యుటేషన్‌తో ఆ బరువు వదిలించుకున్న కణాలు వేగంగా పెరిగి మిగతావాటిని మించిపోతాయి. ఆటోపైలట్ తయారుచేసే ఇంజనీరుకు ఈ బెడద లేదు, విమానం పిల్లల్ని కనదు కదా! సమీకరణాలు మాత్రమే తెలిసినవారికి, కణం మాత్రమే తెలిసినవారికి ఇది కొరుకుడు పడదు.

మన సంఘాలు కోడింగ్ శిబిరాలు ఒకవైపు, మెడికల్ కాలేజీ ప్రవేశాల సదస్సులు మరోవైపు నడుపుతున్నాయి. వచ్చే మహాసభల యువజన వేదికపై ఇలా కణాల్లో కొత్త ఏర్పాట్లు నిర్మించే సింథటిక్ బయాలజీ రంగంలో పనిచేసే పరిశోధకులకు ఒక గంట ఇద్దాం. ఆ రంగంలోనే జరిగే, హైస్కూలు జట్లు కూడా పాల్గొనే ఐజెమ్ అంతర్జాతీయ పోటీకి మన పిల్లలు జట్టు కడతామంటే, ఖర్చులో కొంత సంఘమే భరించాలి.