రహస్య సంచిలో తాళం చెవి

నేను కతోలిక గురువును, అంటే చర్చి ఫాదర్ని. పేదలకు సాయం చేసే సెయింట్ విన్సెంట్ డి పాల్ సభ శాఖ ఒకదానికి ఆధ్యాత్మిక సలహాదారుని. ఫ్రెడరిక్ ఓజనామ్ అనే విద్యార్థి 1833 ఏప్రిల్ 23న, సరిగ్గా తన ఇరవయ్యో పుట్టినరోజునాడు, కొందరు మిత్రులతో కలిసి ప్యారిస్‌లో మొదలుపెట్టిన సభ ఇది. దీని స్థానిక శాఖను కాన్ఫరెన్స్ అంటారు. ఆ మాట వినగానే ఏసీ హాలును ఊహించుకునేవారికి మనవి చేసేదేమిటంటే, బెజవాడలో మా కాన్ఫరెన్స్ అంటే పద్నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, తిరగడానికి బెట్టు చేసే ఒక ఫ్యాను, పేదల ఇళ్లకు ఇద్దరిద్దరుగా వెళ్లి వచ్చినవారు చెప్పే సంగతులు, చివర్లో టీ.

ఆ టీకి ముందు రహస్య చందా ఉంటుంది. మూతి బిగువైన నీలం గుడ్డ సంచి ఒకటి చేతులు మారుతుంది. ప్రతివారూ మూసిన పిడికిలి లోపలికి పెట్టి, ఖాళీ చెయ్యి బయటికి తీస్తారు. ఎవరు అయిదు వందలు వేశారో, ఎవరు రూపాయి బిళ్ల వేశారో, ఎవరు ఉత్త పిడికిలి పెట్టి తీశారో ఆ సంచికే తెలియాలి. ఆ ఆదివారం నేను మత్తయి సువార్త ఆరో అధ్యాయం తీసుకుని, కుడిచెయ్యి చేసే ధర్మం ఎడమచేతికి తెలియకూడదన్న మాట మీద పది నిమిషాలు చెప్పబోయి ముప్పై అయిదు నిమిషాలు చెప్పాను.

గురువుల అంగీ జేబు ఒక నుయ్యి. జపమాల, చేతిరుమాలు, దగ్గు బిళ్లలు, స్కూటర్ తాళం చెవి అన్నీ అందులోనే కాపురముంటాయి. సంచి నా దగ్గరికి వచ్చినప్పుడు జేబులో చెయ్యి పెట్టి, దొరికిన వంద నోటును దొరికినట్టే పిడికిట పట్టి లోపల వదిలాను. టంగుమని శబ్దమైంది. నోటుతోపాటు కాస్త చిల్లర కూడా పడిందని లోలోపల సంతోషించాను.

తరువాత జరిగింది ఊహించడం కష్టం కాదు. వేపచెట్టు కింద స్కూటర్ ఉంది, తాళం లేదు. పూజావస్త్రాల గది వెతికాను, కుర్చీల కింద వంగి చూశాను, పోయిన వస్తువులు వెతికిపెట్టే పునీత అంతోనివారికి మొర పెట్టుకున్నాను. రెండో తాళం కోసం రెండేళ్ల క్రితం పెట్టుకున్న మొరే ఆయన దగ్గర ఇంకా పెండింగులో ఉంది. వారమంతా మే నెల బెజవాడ ఎండలో, రోగుల ఇళ్లకు కొంత ఆటోలోను, కొంత కాలినడకను తిరిగాను.

మరుసటి ఆదివారం కార్యదర్శి మినిట్స్ చదివారు. “రహస్య చందా 1,240 రూపాయలు, తాళం చెవి ఒకటి.” నేను కుర్చీలోంచి లేచాను.

మా కోశాధికారి రైల్వేలో ఉద్యోగ విరమణ చేసినవారు. ఆయన వివరణ స్పష్టంగా ఉంది. “ఎవరు వేశారని అడగడం నియమానికి విరుద్ధం కదండీ ఫాదర్ గారూ. బండి వారమంతా చెట్టు కిందే ఉంది. దాత ఉద్దేశం తెలుస్తూనే ఉంది.” ఆ బండి ఎవరిదో పద్నాలుగు మందికీ తెలుసు. నేను నడుస్తూ తిరగడం కూడా అందరూ చూశారు. గంప నెత్తిన పెట్టుకుని ఆకుకూరలు అమ్మే ఒకాయనకు దాన్ని ఇవ్వాలని అప్పటికే అనుకున్నారట.

“అది పొరపాటున పడిందండీ” అన్నాను.

అధ్యక్షులు కళ్లొత్తుకున్నారు. “తమరు ఎంత దాచాలనుకున్నా మాకు అర్థమైంది లెండి” అన్నారు. నా ప్రసంగం అంతగా పనిచేయడం అదే మొదటిసారి.

చివరకు నన్ను కాపాడింది ఆర్.సి. పుస్తకం. బండి మేత్రాసనం (బిషప్ గారి పాలనలోని ప్రాంతం) పేరున ఉందని, నేను ఇస్తే అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టవుతుందని విన్నవించుకున్నాను. కోశాధికారి పుస్తకం రెండుసార్లు తిరగేసి ఒప్పుకున్నారు గాని, మరో చిక్కు తెచ్చారు. సంచిలో పడినది పేదలకు తప్ప ఇంకెవరికీ వెళ్లడానికి వీల్లేదు. చాలాసేపు ఆలోచించి, సహాయం పొందినవారి జాబితా చివర నా పేరు చేర్చి, ఎదురుగా ‘తాళం చెవి 1’ అని రాసి, సంతకం పెట్టించుకుని మరీ తాళం నా చేతికిచ్చారు.

సహాయం పొందినవారి ఇంటికి ఇద్దరు వెళ్లి చూసి రావడం మా పద్ధతి. మంగళవారం సాయంత్రం ఇద్దరు బ్రదర్లు అయిదు కిలోల బియ్యం సంచితో గురువుల నివాసం తలుపు తట్టి, ఇంట్లో సంపాదించేవారు ఎంతమందని ఎంతో మర్యాదగా అడిగారు.