అడిగేలోపే తొలగించిన మోడల్ డైలాగ్ గారికి

మహారాజశ్రీ మోడల్ డైలాగ్ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. జవాబు చెప్పేదాకా పేజీని ముట్టుకోనివ్వని ప్రశ్న పెట్టెగా ఈ మధ్యాహ్నం క్లయింటు ఎదుట తాము చూపిన ప్రతాపం ఇంకా మింగుడుపడక ఈ లేఖ రాస్తున్నాను. ఆవిడ ఒక కస్టమర్ రికార్డు పక్కనున్న డిలీట్ బటన్ నొక్కారు. తాము పేజీ మీద బూడిదరంగు తెర దించి, గుండ్రటి మూలలతో, మెత్తటి నీడతో తేలివచ్చి, ‘ఈ రికార్డును తొలగించమంటారా?’ అని ఎంతో వినయంగా అడిగారు. ఆవిడ ‘వద్దు’ నొక్కారు. తాము అంతే వినయంగా తప్పుకున్నారు. తెర తొలగి చూస్తే రికార్డు లేదు.

తాము ప్రశ్న అడుగుతూ ఉండగానే అది పోయిందని కనిపెట్టడానికి నాకు నాలుగు గంటలు పట్టింది.

ఇదివరకు ఈ కొలువులో బ్రౌజర్ సొంత ప్రశ్న పెట్టె కన్ఫర్మ్ గారు ఉండేవారు. నెట్‌స్కేప్ కాలం నాటి మనిషి, చూపులకు ఏమంత బాగుండరు. కానీ వారు తెర మీదికి వచ్చారంటే పేజీలోని జావాస్క్రిప్ట్ ఉన్నచోటనే నిలిచిపోయేది. అవునో కాదో తేలేదాకా తరువాతి వరుస కదిలేది కాదు. మా డిజైనర్‌కు ఆయన ముఖం నచ్చకపోవడంతో ఆయనను సాగనంపి, ‘అవునంటేనే తొలగించు’ అనే ఇఫ్ షరతు పక్కన ఆయన పేరున్నచోట తమ పేరు రాశాను. తాము జవాబు ఇవ్వరని, జవాబు తరువాత ఇస్తానన్న వాగ్దానం, అంటే ప్రామిస్ ఇస్తారని అప్పుడు పట్టించుకోలేదు. ప్రామిస్ అనేది ఒక ఆబ్జెక్ట్, ఆబ్జెక్ట్ ఏదైనా ఇఫ్ దృష్టిలో సత్యమే. దాని లోపల అవును ఉందో, కాదు ఉందో, అసలు ఇంకా ఏమీ లేదో దానికి అనవసరం. మన ఎన్నికల సభల్లో వాగ్దానం చేస్తే కావాలన్న పనైనా జరగదు, తమ దగ్గర వద్దన్న పని కూడా జరిగిపోతుంది.

తమ పేరుకు ముందు, జవాబు వచ్చేదాకా ఆగమనే అవెయిట్ అన్న మాట చేర్చకపోవడం నా తప్పే, ఒప్పుకుంటాను. అయితే ఈ గుణం తమకు నిన్న మొన్న అబ్బినది కాదు. ఫ్లాష్ ప్లేయర్‌లో నడిచే ఫ్లెక్స్ రోజుల్లోనూ అలర్ట్ పెట్టె తెర మీద కూర్చుని ఉండగానే కింది వరుసలన్నీ నడిచిపోయేవి. జావా వారి స్వింగ్‌లో పెట్టె తెరిస్తే జవాబు వచ్చేదాకా ఆ వరుస దాటదని అలవాటుపడి వచ్చినవాళ్లు పెట్టె మూసినప్పుడు నడిచే క్లోజ్ హ్యాండ్లర్ రాయడం తెలిసేదాకా తల పట్టుకునేవారు. 2020 ముగిసేసరికి ఫ్లాష్ ప్లేయర్ కాలం చేసింది, ఈ బుద్ధి మాత్రం తమ దగ్గరే మిగిలింది.

ఇక ‘తాము’ అనడం నా వల్ల కాదు. మోడల్ అని పేరు పెట్టుకుని నువ్వు ఆపేది ఎవరిని? మౌస్ పట్టుకున్న మనిషిని. ఆవిడను వెనక ఒక్క అక్షరం కూడా ముట్టుకోనివ్వవు, సర్వర్‌కు వెళుతున్న డిలీట్‌ను మాత్రం పక్కనుంచి పోనిస్తావు. గేటు దగ్గర యజమానిని నిలబెట్టి పేరు అడుగుతూ, వెనక తలుపు నుంచి దొంగను సాగనంపే కాపలావాడివి నువ్వు.

ట్యాబ్ కీ నొక్కితే ఫోకస్ నీ తెర వెనక్కి జారుకోవడం, ఏది పైన ఉండాలో చెప్పే జెడ్-ఇండెక్స్‌కు 2147483647 ఇచ్చినా తల్లి డివ్ పొరల గుంపులో, అంటే స్టాకింగ్ కాంటెక్స్ట్‌లో చిక్కుకుని నీ తెర కిందే నువ్వు పడి ఉండడం, ఇవన్నీ ఈ రోజు ఎత్తను.

నిజం చెప్పాలంటే సాయంత్రం నిన్ను బ్రౌజరే ఇచ్చే అసలైన డైలాగ్ ఎలిమెంట్‌లోకి మార్చాను. 2022 మార్చి నుంచి ఫైర్‌ఫాక్స్, సఫారీ కూడా దాన్ని ఆదరిస్తున్నాయి కదా. షోమోడల్ అని పిలవగానే బ్రౌజరే నిన్ను అన్నిటికన్నా పై పొరలో నిలబెట్టింది, వెనకున్న పేజీని ముట్టుకోనివ్వకుండా చేసింది, ఎస్కేప్ నొక్కితే మూసి, ఫోకస్‌ను తిరిగి అదే డిలీట్ బటన్‌కు అప్పగించింది. నేను రాసుకున్న జెడ్-ఇండెక్సులన్నీ కొట్టేస్తుంటే కాస్త ముద్దుగానే అనిపించావు. కానీ షోమోడల్ కింద తన వంతు రాగానే ఒక మాట రాసే లాగ్ వరుస పెట్టి చూశాను. నువ్వింకా తెర మీద ఉండగానే అది కన్సోల్‌లో పడింది.

రికార్డును నిన్నటి బ్యాకప్ నుంచి తెచ్చి పెట్టాను. రేపు పదకొండింటికి ఆవిడ మళ్లీ వస్తున్నారు. ముందుగా ‘వద్దు’ నొక్కి చూస్తానని కబురు పెట్టారు.

ఇట్లు,
అవెయిట్ చేర్చి, రెండుసార్లు సరిచూసుకున్న
ఫ్రంట్‌ఎండ్ డెవలపర్